పాస్‌వర్డ్ తప్పని చెప్పకండి, పేరు ఎలా రాయాలో చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో ఆన్‌లైన్ మోసాల గురించి దాదాపు రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, ఓటీపీ చెప్పొద్దు, లింకు నొక్కొద్దు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి అని. మంచి పని చేస్తున్నారు. కానీ మనిషి అసలు ఆ మోసగాడి నంబరు దాకా ఎందుకు వెళ్తున్నాడు, అంతకుముందు ఏం జరిగింది అన్నది ఎవరూ రాయడం లేదు. నేను కడపలో పదిహేడేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే పని చేస్తున్నాను, బండల ఫ్యాక్టరీలకూ ఆడిటర్ ఆఫీసులకూ చిన్న స్కూళ్లకూ మెయిల్ సెట్ చేసిపెడుతుంటాను. ఇన్నేళ్లలో ఎన్నో మారాయి గానీ ఫోన్లో వినపడే ఒక మాట మాత్రం మారలేదు: "పాస్‌వర్డ్ తప్పు అంటాంది, నేనేం మార్చలా." వెళ్లి చూస్తే చాలాసార్లు పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంటుంది. తేడా దాని పైనున్న యూజర్‌నేమ్ గడిలో ఉంటుంది. ఒక సర్వర్‌కి, అంటే మెయిల్ దాచిపెట్టి అందించే కంపెనీ కంప్యూటర్‌కి, @ గుర్తుకు ముందున్న పేరు చాలు, ఇంకో సర్వర్‌కి మెయిల్ అడ్రసు మొత్తం కావాలి, మరో దానికి మధ్యలో వేరే గుర్తు కావాలి. మీ సర్వర్‌కి ఏది కావాలో మీకు చెప్పే నాథుడు ఉండడు.

పోయిన నెల ఎర్రగుంట్ల నుంచి ఫోన్ వచ్చింది. బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ, యజమాని నాకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన పెద్దాయన. పాత లాప్‌టాప్ పోయి కొత్తది కొన్నారు, అందులో మెయిల్ రావడం లేదు, రెండు రోజులుగా అదే గోల. కొచ్చిలో ఒక బిల్డర్ సైజుల లిస్టు మెయిల్లో పంపానంటున్నాడు, సాయంత్రం లోపల రేటు చెప్పకపోతే బేతంచెర్లలో ఇంకొకరి దగ్గర తీసుకుంటానంటున్నాడు. బస్సెక్కి వెళ్లాను. ఆఫీసంటే కటింగ్ మిషన్ పక్కన రేకుల గది, టేబుల్ మీద వేలితో గీస్తే గీత పడేంత రాతి పొడి, కీబోర్డు మీద ప్లాస్టిక్ కవరు. గోడకి మెయిల్ కంపెనీ వాళ్లు ఎప్పుడో ఇచ్చిన కాగితం అంటించి ఉంది. వచ్చే మెయిల్‌కి ఈ సర్వర్, పోర్టు 993. పోయే మెయిల్‌కి ఈ సర్వర్, పోర్టు 587. పాస్‌వర్డ్ పెన్నుతో రాసి ఉంది. యూజర్‌నేమ్ ఎదురుగా మాత్రం 'మీ యూజర్‌నేమ్' అని అచ్చు వేసి ఉంది, అంతే.

"ఎన్నిసార్లు కొట్టినారు పెద్దయ్యా?" అని అడిగాను.

"లెక్క యాడుంది నాయనా. నేను కొట్టినా, నా మనవడు కొట్టినాడు, గుమాస్తా కొట్టినాడు. తప్పు, తప్పు, తప్పు అంటాది. ఇదే పాస్‌వర్డు గదా ఆరేండ్ల నుంచీ."

ఆయన అన్నది అక్షరాలా నిజం. అడ్రసు కొట్టగానే ఆ మెయిల్ ప్రోగ్రాము @ ముందున్న ముక్కను తనంతట తానే యూజర్‌నేమ్ గడిలో నింపేసుకుంది, పాత లాప్‌టాప్‌లో కూడా ఆ ముక్కే ఉండేది, ఆరేళ్లు అదే నడిచింది. ఈలోగా మెయిల్ కంపెనీ వాళ్లు పాత మిషన్ల నుంచి కొత్త మిషన్లకు మారారు, కొత్తవి మొత్తం అడ్రసు ఉంటేనే లోపలికి రానిస్తాయి. ఈ మాట ఎవరూ వీళ్లకు చెప్పలేదు. నాకూ తెలియదు, అనుమానంతో మొత్తం అడ్రసు పెట్టి చూశాను. ఈసారి మాట మారింది, పాస్‌వర్డ్ తప్పు అనలేదు, సర్వర్ అందడం లేదు అంది. నెట్ చూస్తే బాగానే ఉంది, మిగతా సైట్లన్నీ తెరుచుకుంటున్నాయి. అరగంట తల పట్టుకుని కూర్చున్నాక పెద్దాయన చొక్కా జేబులో ఫోన్ కనపడింది. అందులోనూ అదే మెయిల్, అదే సగం పేరు, ఆఫీసు వైఫై మీదే ఉంది. కొన్ని నిమిషాలకోసారి తలుపు తట్టి కాదనిపించుకుంటూ రెండు రోజులుగా అలా తడుతూనే ఉంది.

సర్వర్ దగ్గర కాపలా ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. ఒకే చోట నుంచి లాగిన్ తప్పు మీద తప్పు వస్తుంటే దొంగెవడో పాస్‌వర్డ్‌లు ఊహించి కొడుతున్నాడనుకుని ఆ చోటును కాసేపు మూసేస్తుంది. ఎక్కువ మంది వాడే ఫెయిల్‌టుబ్యాన్ అనే ప్రోగ్రామును ఏమీ మార్చకుండా పెడితే, 10 నిమిషాల్లో 5 తప్పులకు 10 నిమిషాలు మూసేస్తుంది, కంపెనీలు దాన్ని పెంచుకుంటాయి కూడా. ఆఫీసులో ఫోనూ లాప్‌టాపూ ఒకే రౌటర్ వెనక ఉంటాయి కాబట్టి బయటివాడికి రెండూ ఒకే ఇంటి నంబరు. జేబులో ఫోన్ చేసిన తప్పుకి టేబుల్ మీద లాప్‌టాప్‌కి శిక్ష పడింది. ఆయన ఫోన్లో వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపించి, లాప్‌టాప్‌ని నా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మళ్లీ నొక్కితే రెండు వందల పైచిలుకు మెయిళ్లు జలజలా దిగాయి, అందులో కొచ్చి వాళ్ల లిస్టు. గుమాస్తా గబగబా రేట్లు కట్టి జవాబు పంపితే అది పోలేదు! చదువుకునేందుకు ఒక లాగిన్, పంపేందుకు ఇంకో లాగిన్, రెండింటికీ వేరువేరు యూజర్‌నేమ్ గడులు, రెండో దాంట్లో ఇంకా సగం పేరే ఉంది. అది కూడా సరిచేశాక సాయంత్రం అయిదున్నరకి రేటు వెళ్లింది. ఆ అయిదున్నర దాకా పెద్దాయన కుర్చీలో కూర్చోలేదు. రెండు లోడ్ల ఆర్డరు అది, నలుగురైదుగురు కూలీలకు ఆ వారం పని.

ఇంత గొడవ ఎందుకొచ్చిందంటే కారణం లేకపోలేదు. మన ఊళ్లనే చూడండి. పల్లెలో 'సుబ్బారెడ్డి ఇల్లు యాడ' అంటే చిన్నపిల్లోడు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు. అదే ప్రశ్న కడపలో ఏడురోడ్ల కూడలిలో నిలబడి అడగండి, ఏ సుబ్బారెడ్డి, ఇంటిపేరేంది, ఏ వీధి అని ఎదురు అడుగుతారు. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య @ పెట్టి మెయిల్ పంపాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ల పాటు మెయిల్ సర్వర్ అంటే ఒక సంస్థకి చెందిన ఒక యంత్రమే, ఆ యంత్రంలో ఖాతా ఉన్నవాళ్లకే మెయిల్ పెట్టె. బయటి నుంచి ఉత్తరం రావడానికి పూర్తి అడ్రసు కావాలి గానీ లోపల తన పెట్టె తెరుచుకోవడానికి పేరు చాలు, ఊళ్లోనే ఉన్నాం కాబట్టి ఊరి పేరు ఎవరూ అడగరు. తర్వాత హోస్టింగ్ వ్యాపారం వచ్చింది, అంటే ఎన్నో సంస్థల మెయిల్‌ని తమ యంత్రాల మీద పెట్టి అద్దెకిచ్చే పని. ఒకే యంత్రం మీద వందల డొమైన్లు (అడ్రసులో @ తర్వాత వచ్చే సంస్థ పేర్లు), ప్రతి డొమైన్‌కీ ఒక 'సేల్స్', ఒక 'ఇన్ఫో', ఒక 'అకౌంట్స్'. పల్లె కాస్తా పట్నమైంది. ఇప్పుడు 'సేల్స్' అని మాత్రమే చెబితే ఏ సేల్స్ అని సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే మొత్తం అడ్రసు అడగడం న్యాయమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇంకో చిక్కు కూడా అప్పుడే వచ్చింది. ఆ కాలపు మెయిల్ ప్రోగ్రాములు కొన్ని యూజర్‌నేమ్‌లో @ కనపడితే ఒప్పుకునేవి కావు, లేదా అక్కడికి తెంపేసి ముందు ముక్కనే పంపేవి. దాన్ని దాటడానికి సర్వర్ వాళ్లు @ బదులు % పెట్టమనో + పెట్టమనో చెప్పారు. ఆ ప్రోగ్రాములు పోయి ఏళ్లయినా ఆ సలహా కాగితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, నిరుడు కూడా ప్రొద్దుటూరులో ఒక ఆఫీసులో % ఉన్న కాగితం చూశాను. పెద్ద ఆఫీసుల్లో విండోస్ నెట్‌వర్క్ ఉంటే వాళ్ల పద్ధతి మరొకటి, ముందు సంస్థ పేరు, తర్వాత వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత మనిషి పేరు, అంటే మనం ఇంటిపేరు ముందు పెట్టుకున్నట్టు. ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్ మెయిల్ సంగతి ఇంకా విచిత్రం. బయటి ప్రోగ్రాములో పెట్టుకునేటప్పుడు, చదివే సర్వర్‌కి మామూలుగా @ ముందున్న పేరు పెట్టండి, పంపే సర్వర్‌కి మొత్తం అడ్రసు పెట్టండి అని వాళ్ల సహాయం పేజీలోనే ఉంటుంది. ఒకే ఖాతా, రెండు గడులకి రెండు రకాలు. అయితే పేరు ఒక్కటే పెడితే కుదరకపోతే మొత్తం అడ్రసు పెట్టి చూడండి అని కూడా అక్కడే రాశారు. పద్ధతి ఏదైనా కానివ్వండి, రాసి పెట్టారు, అది మర్యాద.

రెండో సంగతి ఎర్రముక్కపల్లిలో జరిగింది, నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. రిటైరైన మాస్టారు, కొత్త ఫోన్లో మెయిల్ పెట్టుకోబోయారు. ఆయనకి మొత్తం అడ్రసే పెట్టాలని తెలుసు, చక్కగా పెట్టారు, పాస్‌వర్డ్ డైరీలో చూసి అక్షరం అక్షరం కళ్లజోడు సర్దుకుంటూ కొట్టారు. తప్పు అంది. నాలుగుసార్లు తప్పు అన్నాక నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికారు, మొదట దొరికిన నంబరుకి ఫోన్ చేశారు, అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి ఒక యాప్ ఎక్కించుకోమన్నాడు, మీ స్క్రీన్ నేను చూస్తూ సరిచేస్తానన్నాడు. అదృష్టం కొద్దీ కూతురు వంటింట్లోంచి విని, "నాన్నా, ఎవురితో మాట్లాడ్తాండావు" అంటూ వచ్చి ఫోన్ లాక్కుంది. ఆ మర్నాడు నేను వెళ్లాను. యూజర్‌నేమ్ గడిలో అడ్రసు చివర వేలు పెట్టి చూస్తే కర్సర్ గీత ఆఖరి అక్షరానికి ఆనుకోకుండా వెంట్రుకవాసి దూరంలో నిలబడింది. ఫోన్ కీబోర్డు పైన చూపించిన అడ్రసుని ఆయన నొక్కారు, అది అడ్రసు పెట్టి దాని వెనక ఒక ఖాళీ కూడా పెట్టింది. ఆ ఖాళీ కంటికి కనపడదు. మొదటి అక్షరం కూడా పెద్ద అక్షరం చేసి పెట్టింది. ఒక్కసారి వెనక్కి చెరిపి, మొదటి అక్షరం చిన్నది చేసి నొక్కితే తెరుచుకుంది. ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, "నా చెయ్యి తప్పనుకున్నా నాయనా, వయసైపోయింది అనుకున్నా" అన్నాడు. నాకు ఆ రోజంతా ఆ మాటే చెవిలో ఉంది. ఆయన చెయ్యి తప్పు కాదు, ఆ ఖాళీని తీసేసి చూడని ప్రోగ్రాముదీ, తీసేసి చూడని సర్వర్‌దీ తప్పు.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం సంగతి కూడా చెప్పాలి. మెయిల్ ప్రమాణాలు రాసిన పత్రంలో, 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321లో (ఇంటర్నెట్ నియమాల పత్రాలను ఆర్‌ఎఫ్‌సీ అంటారు), @ తర్వాతి భాగంలో ఆ తేడా లేదని, ముందు భాగంలో మాత్రం సర్వర్ తేడా చూడొచ్చని ఉంది. కానీ అలా తేడా చూసే పద్ధతి మీద ఆధారపడొద్దు, దానివల్ల ఒకరితో ఒకరికి పని కుదరదు అని కూడా అదే పత్రం చెబుతుంది. ఎక్కువ సర్వర్లు దాన్ని పట్టించుకోవు. పట్టించుకునేవి ఇంకా కొన్ని ఉన్నాయి, వాటి వినియోగదారులు ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తుంటారు.

ఇక ఆ 'పాస్‌వర్డ్ తప్పు' అనే మాట. పేరు తప్పో పాస్‌వర్డ్ తప్పో సర్వర్ విడదీసి చెప్పదు, కావాలనే చెప్పదు. ఈ పేరు మా దగ్గర లేదు అని చెబితే దొంగ ఏ పేర్లు ఉన్నాయో ఏవి లేవో జాబితా రాసుకుంటాడు. అది సరైన జాగ్రత్తే, దాన్ని మార్చమని నేను అడగను. కానీ సర్వర్ చెప్పేది 'గుర్తింపు కుదరలేదు' అని మాత్రమే, దాన్ని 'పాస్‌వర్డ్ తప్పు' అని మార్చి మనకు చూపించేది మన ఫోన్లో, లాప్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రాము. పైగా ఒక చిన్న పెట్టె తెరిచి పాస్‌వర్డ్ ఒక్కటే అడుగుతుంది, పేరు గడి అందులో ఉండదు, ఉన్నా బూడిద రంగులో ఉండి చెయ్యి పెట్టనివ్వదు. ఇక మనిషి ఏం చేస్తాడు, ఉన్న పాస్‌వర్డే మళ్లీ కొడతాడు, తర్వాత మార్చుకుంటాడు, మార్చాక మిగతా ఫోన్లలో పాతది ఉండిపోతుంది, అవి కూడా తప్పు అనడం మొదలుపెడతాయి. 'యూజర్‌నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ కుదరలేదు' అని రాసి, రెండు గడులూ చూపిస్తే సగం మంది తమంతట తామే కనిపెట్టుకుంటారు. (నిజంగానే పాస్‌వర్డ్ రకం మారినవి కూడా ఉన్నాయి. జీమెయిల్‌ని బయటి ప్రోగ్రాములో మామూలు పాస్‌వర్డ్‌తో తెరవడం సొంత ఖాతాలకు 2022 మే 30 నుంచి పోయింది, గూగుల్ పేజీ ద్వారా లాగిన్ కావాలి, లేదా 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది వేరే సంగతి, దాన్ని దీనితో కలపొద్దు.)

దీనికి మందు లేదా అంటే ఉంది, ఎప్పుడో వచ్చింది. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6186 అని ఒక పత్రం వచ్చింది, మెయిల్ ప్రోగ్రాము తనకు కావాల్సిన సర్వర్‌ని డొమైన్ రికార్డుల్లోంచి తానే ఎలా వెతుక్కోవాలో అందులో ఉంది. యూజర్‌నేమ్ గురించి కూడా స్పష్టంగా రాశారు, ముందు మొత్తం అడ్రసుతో ప్రయత్నించు, అది కుదరకపోతే @ ముందున్న భాగంతో ప్రయత్నించు అని. ఇంతకన్నా తేలిక మాట ఏముంటుంది? మొజిల్లా వాళ్ల మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ 2009లో వచ్చిన మూడో వెర్షన్ నుంచీ ఇంకో పద్ధతి పెట్టుకుంది. డొమైన్ యజమాని ఒక చిన్న ఫైలు తన సైట్లో పెడతాడు, అందులో సర్వర్ పేరు, పోర్టు, యూజర్‌నేమ్ అంటే మొత్తం అడ్రసా ముందు ముక్కా అన్నది రాసి ఉంటుంది, ప్రోగ్రాము దాన్ని చదువుకుని గడులన్నీ తానే నింపుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్ ఎక్స్చేంజ్‌కి 2007 నుంచి ఆటోడిస్కవర్ అనే సొంత పద్ధతి ఉంది. హోస్టింగ్ కంపెనీ ఆ ఫైలు పెట్టడానికి ఒక మనిషికి ఒక పూట పని.

సర్వర్ వైపు కూడా అంతే. చాలా మెయిల్ సర్వర్లలో పెట్టె తెరిచే పని చూసేది డవ్‌కాట్ అనే ఉచిత ప్రోగ్రాము, ఫిన్లండ్‌కి చెందిన టిమో సిరైనెన్ రాసింది, 2002లో మొదటిసారి బయటికొచ్చింది. వచ్చిన పేరుని చిన్న అక్షరాల్లోకి మార్చుకోవడానికి, డొమైన్ లేకపోతే ఫలానాది తగిలించుకోవడానికి, % వస్తే దాన్ని @గా చదువుకోవడానికి అందులో ఒక్కో లైను సెట్టింగు ఉంది. పంపే సర్వర్‌లో ఉన్నది పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాము అయితే దాని లాగిన్‌ని కూడా డవ్‌కాట్‌కే అప్పగించొచ్చు, అప్పుడు చదవడానికి పనికొచ్చిన పేరు పంపడానికీ పనికొస్తుంది, ఎర్రగుంట్లలో జరిగినట్టు సగంలో ఆగదు. ఇన్ని ఉండి కూడా ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

అయితే సర్దుకుపోవడానికి ఒక హద్దు ఉంది, ఇది హోస్టింగ్ పని చేసే కుర్రాళ్లు జాగ్రత్తగా చదవాలి. డొమైన్‌ని కోసేసి పేరు ఒక్కటే చూసే సెట్టింగు కూడా ఉంది, ఒకే డొమైన్ ఉన్న సర్వర్‌కి అది ఫరవాలేదు. పది డొమైన్లు ఉన్నచోట అది పెడితే ఒక కంపెనీ 'అకౌంట్స్' పేరు ఇంకో కంపెనీ 'అకౌంట్స్' పెట్టెకి తగులుకుంటుంది, పాస్‌వర్డ్ కూడా 'అడ్మిన్123' లాంటిది అయితే వేరేవాళ్ల ఉత్తరాలు తెరుచుకుంటాయి. డొమైన్‌ని తగిలించుకోవచ్చు గానీ కోసేయకూడదు. పేరు చుట్టూ ఉన్న ఖాళీలు తీసేయొచ్చు, పాస్‌వర్డ్‌లో మాత్రం ఒక్క చుక్క కూడా ముట్టుకోకూడదు, ఎందుకంటే కొందరు ఖాళీని కూడా పాస్‌వర్డ్‌లో కావాలనే పెట్టుకుంటారు. రెండు రకాలుగా ప్రయత్నించే ప్రోగ్రాము రెండే ప్రయత్నించాలి, పది కాదు, లేకపోతే కాపలావాడు తలుపు వేసేస్తాడు.

మన కడప పేరునే తీసుకోండి. ఇంగ్లీషులో దాని స్పెల్లింగు తెల్లదొరల కాలం నుంచీ ఒకలాగ ఉండేది, 2005లో మనం పలికేదానికి దగ్గరగా మార్చారు. మా ఇంటికి పాత స్పెల్లింగుతో బ్యాంకు ఉత్తరాలు ఎన్నో ఏళ్లు వచ్చాయి, ఒక్కటి కూడా తిరిగి వెళ్లలేదు, పోస్ట్‌మాన్ రెండింటినీ తెచ్చి ఇచ్చాడు. కింద పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే ఆయనకి చాలు. 1972లో పిన్‌కోడ్ పెట్టింది కూడా ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు ఉన్నాయనే కదా, మన చుట్టుపక్కలే ఎన్ని రామాపురాలు, ఎన్ని కొత్తపల్లెలు! గుర్తుపట్టడానికి కావాల్సింది గట్టిగా అడుగుతారు, మిగతాది మనిషి ఎలా రాసినా చదువుకుంటారు. మెయిల్ సర్వర్‌ని నేను అడిగేది ఆ పోస్ట్‌మాన్ పాటి ఓపికే.

ఈ విషయం ముందుముందు ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే తెలుగులోనే మెయిల్ అడ్రసు పెట్టుకునే వీలు వచ్చింది. @ ముందు తెలుగు అక్షరాలు ఉండొచ్చని 2012లోనే ప్రమాణం వచ్చింది, డొమైన్ వైపు తెలుగు లిపిలో డాట్ భారత్ ఉంది. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, ఇంగ్లీషు రాని మా అమ్మలాంటి వాళ్లు తమ పేరు తమ అక్షరాల్లో కొట్టి మెయిల్ తెరుచుకోవాలని నా కోరిక. కానీ తెలుగులో ఐత్వాన్నే చూడండి. 'కై'లో ఉన్న ఆ గుర్తుని కంప్యూటర్‌లో ఒకే కోడ్‌తో దాచొచ్చు, ఎత్వం ఒకటి, దాని కింది గుర్తు ఒకటి, ఇలా రెండు కోడ్‌లుగా కూడా దాచొచ్చు. తెర మీద రెండూ ఒకటే, యంత్రానికి రెండూ వేరు. సర్వర్ రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చుకుని పోల్చకపోతే 'శైలజ' అని పేరున్న అమ్మాయి ఒక ఫోన్లో లోపలికి వెళ్తుంది, ఇంకో ఫోన్లో వెళ్లలేదు, కారణం ఆమెకే కాదు, నాలాంటి వాడికి కూడా కంటితో కనపడదు. పొల్లు తర్వాత కలవకుండా ఉండడానికి కొట్టే కనపడని గుర్తు సంగతి కూడా ఇలాంటిదే. యూజర్‌నేమ్‌లను పోల్చేముందు ఇలా ఎలా సర్దుకోవాలో 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8265లో నియమాలు ఉన్నాయి. ఇంగ్లీషులో ఒక ఖాళీ, ఒక పెద్ద అక్షరం సర్దుకోలేని సర్వర్లు రేపు మన ఐత్వాన్ని ఏం సర్దుకుంటాయని నా భయం.

మీ పత్రిక చదివే చిన్న వ్యాపారులకీ, ఇంట్లో పెద్దవాళ్లకి మెయిల్ పెట్టిచ్చే పిల్లలకీ నేను చెప్పేది ఇది. పాస్‌వర్డ్ తప్పు అంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చకండి. ముందు యూజర్‌నేమ్ గడిలో మొత్తం అడ్రసు ఉందా లేదా చూడండి, లేకపోతే పెట్టండి, ఉంటే చివర ఖాళీ ఉందేమో వేలు పెట్టి చూడండి, మొదటి అక్షరం చిన్నది చేయండి. పంపే సర్వర్ గడిలో కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టండి, కొన్ని ఫోన్లలో ఆ గడి దగ్గర 'ఐచ్ఛికం' అని ఉంటుంది, దాన్ని నమ్మి ఖాళీగా వదలకండి. మూడుసార్లు కుదరకపోతే ఆపేయండి, ఇంట్లో మిగతా ఫోన్లలో ఆ మెయిల్ ఉంటే వైఫై ఆపి, అరగంట ఆగి మళ్లీ చూడండి. కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతకొద్దు, మీరు డబ్బు కట్టిన రశీదు మీద ఉన్న నంబరుకే చేయండి. స్క్రీన్ చూపించమని ఎవడన్నా అడిగితే ఫోన్ పెట్టేయండి.

ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ గోడ మీద ఆ పాత కాగితంలో 'మీ యూజర్‌నేమ్' అన్నదాన్ని కొట్టేసి మొత్తం అడ్రసు మార్కర్‌తో రాసి వచ్చాను, కింద 'రెండు చోట్లా ఇదే' అని కూడా రాశాను. వాళ్ల మెయిల్ కంపెనీకి ఇదంతా వివరంగా రాసి, వినియోగదారులందరికీ ఒక్క లైను మెయిల్ పంపండి, సర్వర్ మారిందని, ఇకనుంచి మొత్తం అడ్రసు పెట్టాలని చెప్పండి, వీలైతే పాత పేరుకి డొమైన్‌ని మీరే తగిలించుకోండి అని అడిగాను. సమస్య పరిష్కారమైంది కాబట్టి ఫిర్యాదు మూసేస్తున్నాం అని మూడో రోజు జవాబొచ్చింది. ఆ ఒక్క ఫ్యాక్టరీ సమస్య తీరింది, నిజమే. అదే కంపెనీ మెయిల్ వాడుతున్న ఆఫీసులు నాకు తెలిసి కడపలోనే ఇంకో ఆరున్నాయి, వాటిలో ఎన్నింట్లో ఇంకా సగం పేరే ఉందో తెలియదు. అందుకని ఫిర్యాదు మళ్లీ తెరిపించాను. జవాబు వస్తే మీకు రాస్తాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
కడప